వినేవాని మొర వినేదెవరు?
(జర్మనీలో సైనికుడుగా గాయకుడు జానీ క్యాష్ గడిపిన సంవత్సరాలు)



కొడుకు మిలటరీకి ఎన్నికై రైలెక్కే రోజున ప్రతి ఇంట్లోను రెండు ప్రశ్నలు మెదులుతాయి. ఒకటి అందరూ పైకి అడిగేది: "బిడ్డ క్షేమంగా తిరిగి వస్తాడా?" రెండవది తల్లి మనసులోనే ఉండిపోయేది: "వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగి వస్తాడా?" మొదటి ప్రశ్న యుద్ధం వచ్చినప్పుడే భయపెడుతుంది. రెండవ ప్రశ్న మాత్రం ఒక్క గుండు కూడా పేలని చోట సైతం బిడ్డ వెంట నడుస్తూనే ఉంటుంది.

ఈ రెండవ ప్రశ్నను గురించి ఆలోచించడానికి జానీ క్యాష్ జీవితం మనకు ఎంతో ఉపయోగపడుతుంది. ఆయన పేరు మన పల్లెలలో అందరూ విని ఉండకపోవచ్చు. ఇంగ్లీషు పాటలు వినేవారికి మాత్రం బాగా తెలుసు. నూతిలో నుండి వచ్చినట్టుండే గంభీరమైన గొంతు, వేదిక మీద ఎప్పుడూ నల్లని దుస్తులు, చేతిలో గిటారు. అమెరికాలోని పల్లె జనం పాడుకునే సంగీతంలో ఇరవయ్యవ శతాబ్దపు గొప్ప గాయకులలో ఆయన ఒకడు. 2003 సెప్టెంబరు 12న 71 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. పాటగాడు కాకముందు ఆయన నాలుగేళ్ళు సైనికుడు. అందులో దాదాపు మూడేళ్ళు సముద్రాల అవతల పశ్చిమ జర్మనీలో గడిపాడు. అక్కడ ఆయన ఎవరి మీదా తుపాకీ కాల్చలేదు. ఆయన మీద కూడా ఎవరూ కాల్చలేదు. అయినా ఆ మూడేళ్ళు ఆయనకు మిగిల్చిన మేలు, చేసిన గాయం రెండూ చివరివరకు ఆయనతోనే ఉన్నాయి.

పత్తి చేనులో నేర్చిన పాట

జానీ క్యాష్ 1932 ఫిబ్రవరి 26న అమెరికాలోని అర్కన్సా రాష్ట్రంలో ఒక బీద రైతు కుటుంబంలో పుట్టాడు. తండ్రి పేరు రే, తల్లి పేరు క్యారీ. మొత్తం ఏడుగురు పిల్లలు. అది పనులు లేక, పంటకు ధర లేక అమెరికా అంతటా జనం అల్లాడిన కాలం. అప్పుడు ప్రభుత్వం బీద రైతుల కోసం డైస్ అనే చోట ఒక కాలనీ కట్టి, ఒక్కొక్క కుటుంబానికి ఒక ఇల్లు, కొంత భూమి అప్పు మీద ఇచ్చింది. క్యాష్ కుటుంబానికి 20 ఎకరాలు వచ్చాయి. 1935లో వారు అక్కడికి చేరేనాటికి జానీకి మూడేళ్ళు. చెట్లు, పొదలు నరికి, నేల బాగు చేసుకుని పత్తి వేశారు. 1937లో వరద వచ్చి ఇల్లు విడిచి పోవలసి వచ్చింది. నీళ్ళు తీశాక మళ్ళీ వచ్చి మళ్ళీ దున్నుకున్నారు.

జానీ ఐదేళ్ళ వయసుకే చేలో పనిచేసేవారికి నీళ్ళు మోశాడు. కాస్త పెరిగాక పత్తి సంచి భుజాన వేసుకున్నాడు. పత్తి తీయడమంటే ఏమిటో మన గుంటూరు, వరంగల్లు వైపు రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. వేళ్ళు చీరుకుపోతాయి, నడుము పట్టేస్తుంది. ఆ కష్టం మరచిపోవడానికి ఆ కుటుంబమంతా సాళ్ళ వెంట నడుస్తూ కీర్తనలు పాడుకునేవారు. తల్లి ఎత్తుకుంటే పిల్లలు అందుకునేవారు. కొడుకు గొంతులో ఏదో ప్రత్యేకత ఉన్నదని తల్లి కనిపెట్టింది. ఇతరుల బట్టలు ఉతికి, ఆ డబ్బుతో అతనికి పాట నేర్పించింది. కొద్ది పాఠాలకే ఆ సంగీతం టీచరు, ఆ గొంతును మార్చుకోవద్దని చెప్పి పంపివేసింది. అది దేవుడిచ్చిన వరమని తల్లి నమ్మకం. ఆ మాట ఆమె కొడుకుతో పదే పదే చెప్పేది.

ఆ ఇంట్లో అందరికంటె భక్తిగల బిడ్డ జానీకి అన్న అయిన జాక్. ఎప్పుడూ బైబిలు చదువుకునేవాడు. పెద్దయ్యాక దైవసేవకుడు కావాలని అతని కోరిక. 1944 మే నెలలో ఒక శనివారం జానీ చేపలు పట్టడానికి వెళ్తూ అన్నను కూడా రమ్మన్నాడు. ఇంటికి నాలుగు డబ్బులు వస్తాయని జాక్ స్కూలు వర్క్‌షాపులో కర్రలు కోసే పనికి వెళ్ళాడు. అక్కడ తిరిగే రంపం మీద పడి ఘోరంగా గాయపడ్డాడు. వారం రోజులు బ్రతికి, మే 20న చనిపోయాడు. అప్పటికి అతనికి 14 ఏళ్ళు. చివరి గడియలలో దేవదూతల పాట వినబడుతున్నదని తల్లితో చెప్పాడట. జానీకి అప్పుడు 12 ఏళ్ళు. ఆ వయసులోనే అతడు తమ ఊరి బాప్టిస్టు చర్చిలో ముందుకు వచ్చి ప్రభువును అంగీకరించాడు. కష్టమైన నిర్ణయం ఎదురైనప్పుడల్లా జాక్ ఉంటే ఏమి చేసేవాడని తన్నుతాను ప్రశ్నించుకునేవాడినని పెద్దయ్యాక కూడా చెప్పేవాడు.

తల్లి పాట, అన్న జ్ఞాపకం. ఇంటి నుండి బయలుదేరేటప్పుడు ఆ పల్లెటూరి కుర్రవాని దగ్గర ఉన్న ఆస్తి ఇంతే.

రెండక్షరాల పేరు

1950లో హైస్కూలు చదువు ముగిసింది. కొద్ది రోజులు దూరప్రాంతంలో కార్ల కర్మాగారంలో పనిచేసి, నచ్చక తిరిగి వచ్చాడు. ఆ జూన్ 25న కొరియాలో యుద్ధం మొదలైంది. జూలై 7న అతడు అమెరికా వైమానిక దళంలో నాలుగేళ్ళకు చేరాడు. తల్లిదండ్రులు అతనికి పెట్టిన పేరు "జె.ఆర్." అనే రెండక్షరాలే. వాటికి విడిగా అర్థం లేదు. అలాంటి పేరు చెల్లదని సైన్యంవారు అనడంతో "జాన్" అని వ్రాయించుకున్నాడు. తరువాత లోకమంతా తెలిసిన "జానీ" ఆ జాన్‌లో నుండి వచ్చినదే.

శిక్షణ టెక్సాస్ రాష్ట్రంలో జరిగింది. చెవి చురుకుగా ఉన్నదని గుర్తించి అతన్ని రేడియో పనికి ఎంచుకున్నారు. 1951 జూలైలో శాన్ ఆంటోనియో పట్టణంలో వివియన్ లిబెర్టో అనే 17 ఏళ్ళ అమ్మాయితో పరిచయం కలిగింది. ఆమెది కాథలిక్ కుటుంబం. కొద్ది వారాలకే అతనికి విదేశానికి వెళ్ళే ఉత్తర్వు వచ్చింది. కొరియాకు కాదు, పశ్చిమ జర్మనీకి. ఊరి పేరు లాండ్స్‌బర్గ్.

చుక్కలు, గీతలు

లాండ్స్‌బర్గ్ బవేరియా ప్రాంతంలో లెహ్ నది ఒడ్డున ఉన్న పాత పట్టణం. 1924లో హిట్లరు ఖైదీగా ఉన్న జైలు ఆ ఊరిలోనిదే. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికావారు అదే జైలులో యుద్ధ నేరస్థులను ఉంచారు. ఊరికి దగ్గరలో వైమానిక స్థావరం ఉండేది. జానీ క్యాష్ ఉద్యోగం అక్కడ.

అది అమెరికా, సోవియట్ రష్యా ఒకదానినొకటి అనుమానంతో చూసుకుంటున్న కాలం. రష్యా సైన్యం రేడియోలో పంపే సందేశాలను రహస్యంగా విని వ్రాసుకోవడమే అతని పని. ఆ సందేశాలు మాటలలో ఉండవు. మోర్స్ కోడ్‌లో, అంటే చుక్కలు, గీతల శబ్దాలలో ఉంటాయి. 2013లో మూతపడేవరకు మన దేశంలో నడిచిన టెలిగ్రాం శాఖలో ఎంతోకాలం వార్తలు వెళ్ళింది ఈ "టక్కు టక్కు" భాషలోనే. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కొక్క విడతకు ఎనిమిది గంటలు కూర్చుని, వినబడిన ప్రతి అక్షరం టైపు మిషను మీద కొట్టాలి. గాలిలో గరగరలు, ఇతర స్టేషన్ల మోతలు కలిసి వస్తుంటాయి. వాటి మధ్య తనకు కావలసిన ఒక్క శబ్దాన్ని పట్టుకోవాలి. ఆ పనిలో అతనికి మంచి పేరు వచ్చింది. స్టాఫ్ సార్జెంట్ హోదా వరకు ఎదిగాడు.

1953 మార్చి 5న రష్యా నాయకుడు స్టాలిన్ చనిపోయినప్పుడు ఆ వార్తను ముందుగా విన్న అమెరికన్‌ను నేనే అని క్యాష్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆ మాట జాగ్రత్తగా తీసుకోవాలి. అతనికి రష్యన్ భాష రాదు. సందేశాలు గుప్తలిపిలో ఉంటాయి. వాటిని విప్పి చదివేవారు వేరే ఉండేవారు. అతడు వ్రాసిన దానిలో ఏమున్నదో అతనికే తెలియదు. ఈ విషయం కొంచెం ఆలోచించండి. రోజుకు ఎనిమిది గంటలు ఇతరుల మాటలు వినడమే పని. విన్న దానిలో ఒక్క ముక్క అర్థం కాదు. ఏమి పని చేస్తున్నావని అడిగితే చెప్పకూడదు.

కిటికీలో నుండి పడిన టైపు మిషను

మొదటి రోజులలో పాత అలవాట్లు నిలబడ్డాయి. చర్చికి వెళ్ళాడు. సెలవు దొరికితే చేపలు పట్టాడు. తోటి కుర్రవాళ్ళు త్రాగడానికి వెళ్తుంటే తాను వెళ్ళలేదు. తరువాత మెల్లగా బీరు మొదలైంది. అటు తరువాత జర్మనీ కోన్యాక్ అనే ఘాటైన సారా. దానితో కొట్లాటలు, దానితోపాటు వచ్చే తక్కిన చెడుతిరుగుళ్ళన్నీ వచ్చాయని తన ఆత్మకథలో దాపరికం లేకుండా చెప్పుకున్నాడు.

వరిచేను గట్టు ఒక్కసారిగా తెగదు. ముందు ఎండ్రకాయ చిన్న బొరియ చేస్తుంది. నీళ్ళు సన్నగా కారుతాయి. రైతు ఊళ్ళో ఉంటే సాయంకాలం గట్టు మీద నడిచి, చూసి, ఇంత మట్టి కొట్టి అదుముతాడు. చూసేవాడు లేకపోతే తెల్లవారేసరికి గండి పడుతుంది. లాండ్స్‌బర్గ్‌లో ఆ కుర్రవాని గట్టు మీద నడిచి చూసేవాడు లేడు.

ఆత్మకథలో అతడు చెప్పిన ఒక సంగతి నన్ను ఎక్కువగా కదిలించింది. ఒక రాత్రి పనిలో ఉండగా అతనికి ఇక భరించలేననిపించింది. ముందున్న టైపు మిషను ఎత్తి మేడ మీది కిటికీలో నుండి బయటికి విసిరాడు. తరువాత ఏడవడం మొదలుపెట్టాడు. అధికారులు అతన్ని వైద్యశాలకు పంపారు. అక్కడ రెండు ఆస్పిరిన్ మాత్రలు ఇచ్చారు. ఆ రాత్రికి సెలవు ఇచ్చారు. అంతటితో ఆ సంగతి ముగిసింది.

ఆ వైద్యశాలవారు చెడ్డవారు అనడానికి లేదు. తలనొప్పికి మాత్ర ఇచ్చారు, అలసటకు విశ్రాంతి ఇచ్చారు. అయితే ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఎందుకు ఏడుస్తున్నాడో కూర్చుని విన్నవారు ఎవరూ ఆ కథలో కనబడరు. వందల మైళ్ళ అవతలి సన్నని శబ్దాన్ని పట్టుకోగల యంత్రాలు ఆ గదిలో ఉన్నాయి. పక్క కుర్చీలో ఉన్నవాని గుండె చప్పుడు పట్టుకునే చెవి మాత్రం అక్కడ లేదు.

ఇరవై మార్కుల గిటారు

అయినా దేవుడు అతన్ని అక్కడ ఒంటరిగా వదలలేదని నాకు అనిపిస్తుంది. ఆ స్థావరంలోనే దక్షిణ రాష్ట్రాల పల్లెల నుండి వచ్చిన మరికొందరు కుర్రవాళ్ళు ఉన్నారు. అందరూ తమ తమ ఇళ్ళలో పాడుకున్న పాటలు, కీర్తనలు తెలిసినవారు. క్యాష్ ఊళ్ళోకి వెళ్ళి 20 జర్మన్ మార్కులు పెట్టి ఒక గిటారు కొన్నాడు. అప్పటి లెక్కలో అది సుమారు 5 డాలర్లు. దాన్ని పట్టుకుని చలిలో నడుచుకుంటూ స్థావరానికి తిరిగి వచ్చాడు. స్నేహితుల దగ్గర వ్రేళ్ళు పెట్టడం నేర్చుకున్నాడు. అందరూ కలిసి ఒక చిన్న పాటల బృందం కట్టారు. స్థావరంలో వెలువడే పత్రిక పేరు "లాండ్స్‌బర్గ్ బవేరియన్". దానిని వేళాకోళం చేస్తూ తమ బృందానికి "లాండ్స్‌బర్గ్ బార్బేరియన్స్", అంటే లాండ్స్‌బర్గ్ ఆటవికులు అని పేరు పెట్టుకున్నారు.

అతడు ఒక టేపు రికార్డరు కూడా కొన్నాడు. ఒకసారి ఎవరో టేపును తలక్రిందులుగా ఎక్కించి పెట్టారు. తిప్పితే ఏదో వింత స్వరం వినబడింది. ఆ స్వరం అతని చెవిలో ఉండిపోయి, 1956లో "ఐ వాక్ ది లైన్" అనే పాటకు బాణీ అయింది. అది భార్యకు నమ్మకంగా ఉంటానని భర్త చేసే ప్రమాణం. ఆ పాటే ఆయనను దేశమంతటా ప్రసిద్ధుని చేసింది.

స్థావరంలో సైనికులకు సినిమాలు వేసేవారు. కాలిఫోర్నియాలోని ఫోల్సం జైలు మీద 1951లో తీసిన సినిమా ఒకటి అక్కడ చూశాడు. ఊరుకాని ఊళ్ళో బంధింపబడినట్టున్న ఆ కుర్రవానికి ఖైదీ మనసు అర్థమైంది. ఆ తరువాత "ఫోల్సం ప్రిజన్ బ్లూస్" అనే పాట వ్రాశాడు. నిజం చెప్పుకోవాలంటే ఆ పాట బాణీ, కొన్ని చరణాలు పూర్తిగా అతని సొంతం కావు. గోర్డన్ జెంకిన్స్ అనే సంగీతకారుడు 1953లో విడుదల చేసిన ఒక పాటలో నుండి తీసుకున్నవి. 1970లలో క్యాష్ అందుకు సుమారు 75,000 డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఖైదీ వేదన మాత్రం అరువు తెచ్చుకున్నది కాదు.

వేల పేజీల ఉత్తరాలు

ఆ మూడేళ్ళలో వివియన్‌కు అతడు దాదాపు ప్రతిరోజు ఉత్తరం వ్రాశాడు. ఆమె కూడా వ్రాసింది. ఆ ఉత్తరాలు వేల పేజీలు. ఆమె వాటిని భద్రంగా దాచుకుంది. ఆమె 2005లో మరణించాక, 2007లో వెలువడిన ఆమె పుస్తకంలో వాటిలో కొన్ని అచ్చయ్యాయి. వాటిలో ప్రేమ ఉంది, అసూయ ఉంది, ఇంటి మీద బెంగ ఉంది. త్రాగానని ఒప్పుకోవడం, ఇక త్రాగనని మాట ఇవ్వడం, మళ్ళీ తప్పడం, మళ్ళీ క్షమించమని అడగడం కూడా ఉన్నాయి.

ఆ మూడేళ్ళు అతన్ని నిలబెట్టినవి ఆ ఉత్తరాలే అనుకుంటాను. అతని గోడు వినడానికి ఒక మనిషి ఉంది. అయితే ఆమె సముద్రం అవతల ఉంది. పైగా ఆమె కూడా చిన్న పిల్లే. మంచం పక్కన కూర్చుని భుజం మీద చేయి వేసే పెద్ద దిక్కు ఉత్తరంలో నుండి రాడు. ఉత్తరంలో మనిషి తనకు తోచినంతే చెబుతాడు. మిగిలినది కవరులో పట్టదు.

1954లో సర్వీసు కాలం ముగిసింది. ఇంకా కొనసాగమన్నా ఒప్పుకోకుండా జూలై 3న సైన్యం నుండి విడుదలయ్యాడు. ఇంటికి చేరాలనే ఆరాటమంతా పోసి "హే పోర్టర్" అనే పాట వ్రాశాడు. ఊరు దగ్గర పడుతుంటే రైలులో కుదురుగా కూర్చోలేని మనిషి పాట అది. ఆగస్టు 7న వివియన్‌తో వివాహమైంది. మెంఫిస్ నగరంలో కాపురం పెట్టి, ఇంటింటికి తిరిగి గృహోపకరణాలు అమ్మాడు. సాయంత్రాలు ఇద్దరు మెకానిక్కులతో కలిసి పాడుకునేవాడు. భక్తి గీతాలు పాడతానని రికార్డుల కంపెనీ యజమాని శాం ఫిలిప్స్ దగ్గరకు వెళ్తే, అవి అమ్ముడుపోవని, వేరేవి తెమ్మని ఆయన చెప్పాడు. 1955లో మొదటి రికార్డు వచ్చింది. దాని ఒక వైపున ఉన్నది "హే పోర్టర్".

గాయం పైకి తేలింది

ఇంతటితో కథ సుఖంగా ముగిసిందని వ్రాయగలిగితే బాగుండేది. అలా జరగలేదు. 1957 నుండి ఆయన నిద్ర రాకుండా చేసే మాత్రలకు అలవాటుపడ్డాడు. రాత్రంతా కారు ప్రయాణాలు, పగలు పాటలు. సైన్యంలో ఒంటరితనాన్ని త్రాగుడుతో కప్పుకోవడం నేర్చుకున్నవాడు, పేరు వచ్చాక అలసటను మాత్రలతో కప్పుకున్నాడు. 1965 అక్టోబరులో మెక్సికో సరిహద్దున ఎల్ పాసో అనే చోట ఆయనను అరెస్టు చేశారు. గిటారు పెట్టెలో వెయ్యికి పైగా మాత్రలు దొరికాయి. నలుగురు ఆడపిల్లలను పెంచుకుంటూ ఇంటి దగ్గర ఒంటరిగా ఉన్న వివియన్ 1966లో విడాకులు కోరింది. వేల పేజీల ప్రేమలేఖల వివాహం అలా విరిగిపోయింది. నమ్మకంగా ఉంటానని లోకమంతా వినేటట్టు పాడినవాడు ఆ మాట నిలుపుకోలేకపోయాడు. ఆ నొప్పిలో వివియన్ పాలు ఎంతో మనం మరచిపోకూడదు. గొప్పవాని పతనాన్ని గురించి లోకం పుస్తకాలు వ్రాస్తుంది. వాకిలి దగ్గర ఎదురుచూసినవారిని గురించి వ్రాయడం తక్కువ.

తల్లి నేర్పిన కీర్తనలు ఆయనను పడిపోకుండా ఆపలేదు. ఇది మనం ఒప్పుకోవాలి. సండేస్కూలులో వాక్యాలు కంఠస్థం చేయించాము కాబట్టి బిడ్డకు ఇక ఏ భయమూ లేదనుకోవడం పొరపాటు. అయితే ఆ కీర్తనలు ఆయనను వదిలిపెట్టలేదు కూడా. పడినవాడు ఏ దిక్కుకు తిరగాలో గుర్తుచేస్తూనే ఉన్నాయి. దూరదేశంలో పందుల దగ్గర కూర్చున్న చిన్న కుమారునికి బుద్ధి వచ్చినప్పుడు మొదట గుర్తుకు వచ్చినది తండ్రి ఇల్లే కదా! గుర్తుకు రావడానికి ఒక ఇల్లు ఉంది కనుక అతడు లేవగలిగాడు.

జైలులో పాడిన రోజు

లాండ్స్‌బర్గ్‌లో చూసిన సినిమా నుండి పుట్టిన పాట అమెరికాలోని జైళ్ళలో మ్రోగింది. మా గురించి నీకు తెలుసు, వచ్చి మా దగ్గర పాడమని ఖైదీలు ఆయనకు ఉత్తరాలు వ్రాశారు. 1957 నుండే జైళ్ళకు వెళ్ళి పాడడం మొదలుపెట్టాడు. 1968 జనవరి 13న ఫోల్సం జైలులోనే పాడాడు. ఆ కార్యక్రమానికి తోడ్పడినవాడు ఖైదీల మధ్య సేవచేస్తున్న ఫ్లాయిడ్ గ్రెసెట్ అనే పాస్టరు. ఆ జైలులోని చిన్న ప్రార్థనాలయాన్ని గురించి గ్లెన్ షెర్లీ అనే ఖైదీ ఒక పాట కట్టాడు. పాస్టరుగారు దానిని ముందురోజు క్యాష్‌కు వినిపించారు. మరునాడు దానిని నేర్చుకుని, వ్రాసిన ఖైదీ ముందు వరుసలో కూర్చుని ఉండగా, క్యాష్ అందరి ఎదుట పాడాడు. ఎవరూ పట్టించుకోని మనిషి మొరను ఒకడు విని, లోకానికి వినిపించాడు. ఆస్పిరిన్ ఇచ్చి పంపబడిన కుర్రవాడు, పదిహేనేళ్ళ తరువాత మరొకని గోడు వినేవాడయ్యాడు.

1969లో వియత్నాం వెళ్ళి, లాంగ్ బిన్ స్థావరంలో అమెరికా సైనికులకు పాడి వచ్చాడు. యుద్ధం మీద అనుమానాలున్నా, ఇంటికి దూరమైన కుర్రవాళ్ళ మీద జాలి ఆయనను అక్కడికి నడిపించింది.

1968లో ఆయన జూన్ కార్టర్‌ను వివాహమాడాడు. 1970లలో ఒక సంఘంలో సభ్యుడై, తపాలా ద్వారా బైబిలు కోర్సు చదివాడు. యేసు ప్రభువు జీవితం మీద ఇశ్రాయేలులో చిత్రీకరించిన సినిమా 1973లో విడుదల చేశాడు. 1977 దివిసీమ ఉప్పెన తరువాత మన ఆంధ్ర తీరానికి వచ్చిన బిల్లీ గ్రాహంగారి సువార్త సభలలో చాలాసార్లు పాడి, సాక్ష్యం చెప్పాడు. 1986లో అపొస్తలుడైన పౌలు జీవితం మీద ఒక నవల వెలువరించాడు. ఇంత జరిగినా 1983లో మళ్ళీ వ్యసనానికి చికిత్స తీసుకోవలసి వచ్చింది. మారుమనస్సు పొందినవానికి పోరాటం ఉండదని ఆయన ఎన్నడూ చెప్పలేదు.

మన ఇళ్ళ సంగతి

ఇప్పుడు మన బిడ్డలు ఉత్తరాలు వ్రాయడం లేదు. సరిహద్దులోని జవాను, కువైటులోని డ్రైవరు, హైదరాబాదు హాస్టలులోని విద్యార్థి, అందరి చేతిలోను ఫోను ఉంది. ముఖం చూస్తూ మాట్లాడుతున్నాము. అయినా మనం మొదట అడిగే ప్రశ్నలేవి? "జీతం పడిందా? తిన్నావా? సెలవు ఎప్పుడు?" బిడ్డ "బాగానే ఉన్నాను" అంటాడు. ఆ మాటతో మనకు తృప్తి. కనిపించడం వేరు, వినిపించడం వేరు. గరగరల మధ్య అసలు శబ్దాన్ని పట్టుకోవడం జానీ క్యాష్‌కు సైన్యం నేర్పింది. తల్లిదండ్రులకు, పాస్టర్లకు ఆ విద్య ఎంతో అవసరం. "బాగానే ఉన్నాను" అనే మాట వెనుక గొంతు వణికిందా? వారం వారం ఫోను చేసేవాడు నెల రోజులుగా ఎందుకు చేయలేదు? డబ్బు పంపుతున్నవాడు ప్రార్థన మాట ఎత్తగానే మాట ఎందుకు మారుస్తున్నాడు?

తప్పు చేశానని బిడ్డ చెప్పిన రోజున మన నోట మొదట వచ్చే మాట మీద ఎంతో ఆధారపడి ఉంటుంది. తిట్టు వస్తే, మరుసటిసారి అతడు చెప్పడు. ముందుగా వినండి. బుద్ధిమాటకు తరువాత సమయం ఉంటుంది. మన సంఘాలలో కూడా ఒక పని చేయవచ్చు. దూరాన ఉన్న బిడ్డల పేర్లు వ్రాసి ఉంచి, ఒక్కొక్కరి బాధ్యత ఒక్కొక్క పెద్ద తీసుకోవాలి. ఆ బిడ్డ ఉన్న ఊళ్ళో సంఘం ఏదో కనుక్కుని, అక్కడి పాస్టరుగారికి ఒక మాట చెప్పాలి. అలాగే దూరం నుండి వచ్చిన ఏ కుర్రవాడైనా మన గుడిలో వెనుక బల్ల మీద ఒంటరిగా కూర్చుంటే, ఆరాధన ముగిశాక అతన్ని ఇంటికి పిలిచి భోజనం పెట్టాలి. అతని తల్లి ఎక్కడో మోకరించి అడుగుతున్నది అదే.

2003లో, భార్య జూన్ చనిపోయిన కొద్ది నెలలకు, జానీ క్యాష్ కూడా వెళ్ళిపోయాడు. మరుసటి సంవత్సరం ఆయన చివరి కాలపు పాటల సంపుటి ఒకటి విడుదలైంది. దాని పేరుకు "మా అమ్మ కీర్తనల పుస్తకం" అని అర్థం. అందులో మేళతాళాలు లేవు. వణుకుతున్న ముసలి గొంతు, ఒక్క గిటారు మాత్రమే. పాడినవి పత్తి సాళ్ళ మధ్య తల్లి నేర్పిన కీర్తనలు. తాను చేసిన వాటన్నిటిలో తనకు ఇదే ఎక్కువ ఇష్టమని ఆయన చెప్పాడు.

ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో దూరాన ఉన్న ఒక బిడ్డను పేరు పెట్టి జ్ఞాపకం చేసుకోండి. ప్రార్థన ముగిశాక ఫోను చేయండి. జీతం సంగతి ఈసారికి వదిలివేసి, అతడు చెప్పేది చివరివరకు వినండి.